సత్తెమ్మ ఇంటి నెత్తురు

లింగంపల్లి స్టేషన్‌లో చివరి బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి పేపరు మడిచి, "కాటుక దొరికిందా అండీ?" అన్నాడు.

"దొరికింది. డబ్బీకి మూత లేదండి," అన్నాడు పక్కన కూర్చున్న జాషువా.

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి పేరు పట్టాభిరామయ్య. చూసేవాళ్లకి రిటైరైన లెక్కల మాస్టారు. నిజానికి ఇంటెలిజెన్స్‌లో జాషువాకి పై అధికారి. 1999 మే నెల ఎండకి ఆయన పెట్టుడు మీసం ఒక పక్కకి జారుతోంది. చెబితే బాగుండదని జాషువా ఊరుకున్నాడు.

"ఆపరేషన్ కాటుక ఇవాళతో ముగియాలి. ఓరెల్లా సిస్టమ్స్ వాళ్లు మధ్యాహ్నం రెండింటికి రక్తం శాంపిల్స్ దేశం దాటిస్తున్నారు. రెండు ఐస్ బాక్సులు, రెండు కార్లు. తెల్ల కారు బేగంపేట ఎయిర్‌పోర్టుకి, నీలం కారు బొంబాయికి. ఒకటి అసలుది, ఒకటి డమ్మీ."

"రెండూ ఆపేద్దాం సార్."

"హైటెక్ సిటీ తెరిచి ఆర్నెల్లయింది. పెట్టుబడితో వచ్చిన విదేశీ కంపెనీ కారు ఆపి, అందులో ఏమీ దొరక్కపోతే నన్ను ఢిల్లీలో నిలబెట్టి కడిగేస్తారండి. ఒక్కటే ఆపాలి. అది అసలుదై ఉండాలి." ఆయన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. ఒక నొక్కు తెల్ల కారు. రెండు నొక్కులు నీలం కారు. రెండు నొక్కులకీ మధ్య మూడు సెకన్లు దాటకూడదు. ఏ కారో ప్రియదర్శిని చెబుతుంది."

ప్రియదర్శిని ఓరెల్లాలో ప్రాజెక్ట్ మేనేజర్. అక్కడ జీతం తీసుకుంటూ ఇక్కడ సమాచారం ఇచ్చే డబుల్ ఏజెంట్. ఆమె లిఫ్టు దిగి వెళ్లిన పది నిమిషాల దాకా సెంటు వాసన లిఫ్టులోనే ఉంటుందని వాచ్‌మన్లు చెప్పుకుంటారు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు పట్టాభిరామయ్య.

ఉంది. కానీ అది బెంచీ మీద చెప్పుకునేది కాదు. ఆ శాంపిల్స్ తీసింది జాషువా చేతులే.

మూడు నెలల కిందట, ఓరెల్లా పేరు చాటున పనిచేసే ముఠా నమ్మకం సంపాదించడానికి అతను కళ్ల డాక్టరు వేషంలో ఓరెల్లాలో చేరాడు. గోపన్‌పల్లిలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఆ ఊళ్లో సత్తెమ్మ అనే ముసలామె ఇంట్లో ప్రతి తరంలోనూ ఒకరిద్దరికి చిన్నప్పుడే రేచీకటి వస్తుంది, ఇరవై ఏళ్లు నిండేసరికి చూపు పూర్తిగా పోతుంది. ముఠాకి కావలసింది ఆ చూపును పోగొట్టే జీన్. అది దొరికితే పేటెంట్ వాళ్లది, ముందుముందు మందు కనిపెడితే అదీ వాళ్లదే. సత్తెమ్మ ఇంటి ఊసే ఎక్కడా ఉండదు.

ఆమె మనవడు ఆకాష్‌కి తొమ్మిదేళ్లు. సందె చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"చూపొస్తదా, డాక్టర్ సారూ?" అని ఆ రోజు సత్తెమ్మ అడిగింది.

"వస్తుందమ్మా," అన్నాడు జాషువా.

ఆ ఒక్క మాటకి ఇంటిల్లిపాదీ వరసగా చేతులు చాపారు. వెళ్లేటప్పుడు ఆమె రెండు జొన్న రొట్టెలు గుడ్డలో కట్టిచ్చింది. జాషువా దారిలోనే తిన్నాడు, ఆకలి మీద రుచిగా కూడా ఉన్నాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గేస్తుంది.

రెండు కావడానికి ఇంకా అయిదు నిమిషాలు. మాదాపూర్‌లో ఓరెల్లా అద్దాల మేడ ముందు రెండు కార్లూ ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి. డాక్టరు కోటులో జాషువా మెట్ల మీద ఉన్నాడు. విదేశం నుంచి వచ్చిన ముఠా నాయకుడు కార్విన్ టై సర్దుకుంటూ బాక్సుల సీళ్లు చూసుకుంటున్నాడు.

ప్రియదర్శిని ఫైలు అందిస్తున్నట్టు దగ్గరికి వచ్చింది. "వైట్ కార్. కన్ఫర్మ్‌డ్," అంది పెదవులు కదపకుండా.

జాషువా పెన్ను ఒకసారి నొక్కాడు.

నొక్కిన క్షణంలోనే తెల్ల కారులో ఎక్కిస్తున్న బాక్సు మూత మీద అతని చూపు పడింది. కస్టమ్స్ కోసం ప్లాస్టిక్ కవరులో వంశవృక్షం చార్టు అంటించారు. మగవాళ్లకి గడులు, ఆడవాళ్లకి సున్నాలు, చూపు పోయినవాళ్లకి నలుపు, దగ్గరి బంధువుల పెళ్లికి జంట గీత. ఆ చార్టులో జంట గీత అన్న కొడుకునీ తమ్ముడి కూతురినీ కలుపుతోంది.

అన్నదమ్ముల పిల్లలు. అంటే అన్నాచెల్లెళ్లు. గోపన్‌పల్లిలోనే కాదు, జాషువా పుట్టిన గుంటూరు పక్క చర్చిలోనైనా అలాంటి పెళ్లికి పీట వేసేవాడు లేడు. సత్తెమ్మ గడప మీద కూర్చుని వేళ్లు మడుస్తూ చెప్పింది అతనికి బాగా గుర్తుంది. "నా బిడ్డను నా తమ్మునికే ఇచ్చిన సారూ."

డమ్మీ చార్టు గీసిన కార్విన్‌కి దగ్గరి చుట్టరికమంటే అన్నీ ఒకటే. ఎవరు వరసో, ఎవరు కాదో అతనికి నేర్పినవాళ్లు లేరు.

రెండు సెకన్లు అయిపోయాయి. మూడోది అయిపోతుండగా జాషువా పెన్ను మళ్లీ నొక్కాడు.

గేటు దగ్గర నీళ్ల ట్యాంకరు నీలం కారుకి అడ్డం తిరిగింది. ట్యాంకరులోంచి నీళ్లకు బదులు ఆరుగురు మనుషులు దిగారు. ఐస్ బాక్సు తెరిస్తే నలభై గాజు ట్యూబులు, వాటి మీద జాషువా చేతిరాత. కార్విన్ కారెక్కబోయి ఆగిపోయాడు, ఎందుకంటే తాళం చెవి అప్పటికే ట్యాంకరు డ్రైవరు చేతిలో ఉంది.

ప్రియదర్శిని రంగు మారని ముఖంతో, "ఎలా తెలిసింది?" అంది.

"మా అమ్మమ్మ వరసలు నేర్పింది. మాకు అబద్ధం చెప్పినందుకు మీకు మూడో జీతం ఎవరిస్తున్నారో మా సార్ కనుక్కుంటారు."

పెద్ద గెలుపే. జాషువాకి మాత్రం సంతోషం రాలేదు. సాయంత్రం ఎండ తగ్గకముందే స్కూటరు మీద గోపన్‌పల్లి వెళ్లాడు. తన అసలు పని ఎవరికీ చెప్పకూడదన్నది డిపార్ట్‌మెంటు నియమం. సత్తెమ్మ గడపలో నిలబడి అంతా చెప్పాడు. తాను డాక్టరు కాదన్నాడు. రక్తం ఎక్కడికి పోబోయిందో, ఆమె చెప్పిన పెళ్లి వరసతోనే అది ఎలా దొరికిందో చెప్పాడు. ఆకాష్‌కి చూపు వస్తుందన్నది అబద్ధమని కూడా చెప్పాడు.

సత్తెమ్మ మళ్లీ వేళ్లు మడిచి వరసలు లెక్కపెట్టుకుంది. తర్వాత, "నా తమ్మునికిచ్చి చేసినందుకేనా గిట్లయింది? నాదే పాపమా?" అంది.

"పాపం కాదమ్మా. ప్రతి బిడ్డకీ తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి, రెండు తాళం చెవులు వస్తాయనుకోండి. ఒకటి అరిగినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది. మీ అమ్మ దగ్గరున్న అరిగిన చెవి మీకూ వచ్చింది, మీ తమ్ముడికీ వచ్చింది. మీ నుంచి మీ అమ్మాయికి వెళ్లింది. వాళ్లెవరికీ ఏమీ కాలేదు, రెండో చెవి మంచిది కాబట్టి. ఆకాష్‌కి రెండు వైపులా అరిగినవే వచ్చాయి. నలుగురు పుడితే ఒకరికి అలా రావచ్చు. దగ్గరి పెళ్లిలో ఆ ముప్పు ఎక్కువ. అది మీకెవరూ చెప్పలేదు."

"ఇగ ఆ నెత్తురు ఏం చేస్తరు?"

"మీరు సరేనంటే ఇక్కడి సర్కారు ల్యాబులో పరీక్షిస్తారు. ఆకాష్‌కి చూపు రాదు. పుట్టబోయేవాళ్లకి ముందే తెలుస్తుంది. వద్దంటే పారబోస్తారు."

ఆమె లోపలికి చూసింది. ఆకాష్ వెలుతురున్నప్పుడే హోంవర్కు చేసుకుంటున్నాడు.

"పరీక్షించుమను," అంది సత్తెమ్మ. "గీ మాట ఆనాడే చెప్తే అప్పుడే ఇస్తుంటిమి గద బిడ్డా. అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

జాషువా స్కూటరు దగ్గరికి నడిచాడు. ఈసారి ఆమె రొట్టెలు కట్టివ్వలేదు.

మర్నాడు పట్టాభిరామయ్య మిషన్ రిపోర్టు ముందు పెట్టాడు. మీసం సరిగ్గా అంటింది. "స్వాధీనం చేసుకున్నవి" అనే గడిలో జాషువా నలభై ట్యూబులని రాశాడు. "మన వైపు నష్టం" అనే గడి దగ్గర కాస్త ఆగి, "ఒక డాక్టరు" అని రాసి సంతకం పెట్టాడు.