వెనక గదిలో క్యారేజీ

ఆ వాటాలో వెనక గదికి మంచి పేరు లేదు. పగలు కూడా అందులోకి వెళ్ళినవాళ్ళు పని చూసుకుని గబగబా బయటపడేవారు. అంతకుముందు అక్కడ అద్దెకున్న వాచ్‌మన్ ఒకాయన, డ్యూటీ దిగి అర్ధరాత్రి నకనకలాడుతూ వచ్చి, భోజనం క్యారేజీ తెరవబోతే మూత బిగుసుకుపోయిందట. లాగాడు… పీకాడు… నేలకేసి కొట్టాడు… ఊహూఁ. ఆ పెనుగులాటలోనే గుండె ఆగిపోయిందట. అప్పట్నుంచీ రాత్రి పది దాటితే ఆ గదిలో ఎవరో మూత లాగుతున్న చప్పుడు — టక్… టక్… కర్ర్ర్… — వినిపిస్తుందని కింది వాటా ఆవిడ ఒట్టేసి మరీ చెప్పింది.

చెప్పింది ఎవరికనుకున్నారు? ఆ వాటాలో కొత్తగా అద్దెకు దిగిన లిఫ్టు మెకానిక్‌కి. పన్నెండో అంతస్తులో ఒక్క తాడు ఆధారంగా వేలాడుతూ ఈల వేసే మనిషి. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు" అని కొట్టిపారేశాడు. కొట్టిపారేసి, ఆ గదిలో ఎవరూ పడుకునే వీల్లేకుండా ఇంట్లో ఉన్న అడ్డమైన సామానంతా అందులో పెట్టించాడు — కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, ప్రింటరు. తను మాత్రం ఏడాదిగా ఆ గడప తొక్కలేదు.

ఆ రాత్రి తొక్కక తప్పలేదు. పొద్దున్నే ఏడింటికి కూతురికి నర్సింగు కాలేజీ ప్రవేశ పరీక్ష. హాల్ టికెట్ ప్రింటు తీసే పని తనే నెత్తినేసుకున్నాడు. "నేను చూసుకుంటాగా!" అని వారం క్రితం అన్నాడు. నిన్నా అన్నాడు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న భార్య "తీశారా?" అని ఫోను చేస్తే "ఆఁ, ఎప్పుడో!" అని కూడా అనేశాడు. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, తీయలేదని.

టైము పదీ ఇరవై. దుకాణాలన్నీ కట్టేశారు. కాగితం లేకపోతే పిల్లని గేటు దగ్గరే ఆపేస్తారు. ఏడాది కష్టం మట్టికొట్టుకుపోతుంది. తప్పంతా తనదే అవుతుంది.

కూతురు నిద్రపోతోంది. హాల్లో అత్తగారి గురక. పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్ళి, లేని ధైర్యం తెచ్చుకుని, తలుపు తోశాడు.

స్విచ్చి నొక్కితే బల్బు వెలగలేదు. సెల్‌ఫోను వెలుతురులో తడుముకుని ప్రింటరు ఆన్ చేసి, హాల్ టికెట్ పంపాడు.

ప్రింటరు ఒళ్ళు విరుచుకుంది.

టక్… టక్… కర్ర్ర్…

అతని చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు — చీకట్లోంచి, ఎక్కడో పైనుంచి, తాపీగా ఒక గొంతు…

"క్యారేజీ… ఇరుక్కుపోయింది."

పారిపోదామని తలుపు వైపు తిరిగాడు. అయినా పారిపోతే హాల్ టికెట్ సంగతేంటి?

"మూత… తెరవండి."

"ఏ… ఏ మూత సార్?" అన్నాడు గుసగుసగా.

"లోపల ఉన్నది… బయటికి తీయండి."

ఇక అనుమానం లేదు. పాపం, ఆయన ఇంకా ఆకలితోనే ఉన్నాడు! లిఫ్టు మెకానిక్ వంటింట్లోకి పరిగెత్తి, మధ్యాహ్నం సగం తిని మిగిల్చిన తన క్యారేజీ పట్టుకొచ్చాడు. మూత తీసి, వినయంగా ప్రింటరు ముందు పెట్టాడు.

"మీ మూత రాకపోతే నాది తినండి సార్. పాడవలేదు, వాసన చూశాను. ఆ హాల్ టికెట్ ఒక్కటి ఇప్పించండి… పిల్ల భవిష్యత్తు."

నిశ్శబ్దం… గొంతు ఆలోచనలో పడ్డట్టుంది.

"ఎరుపు… తక్కువగా ఉంది. ఎరుపు… నింపండి."

అతను చేతులు రెండూ వెనక్కి దాచేసుకున్నాడు. "అది మాత్రం అడక్కండి సార్! నాకే తక్కువుందని డాక్టరు మాత్రలు రాశాడు…"

"బాబూ, ఎవరితో మాట్లాడుతున్నావు?"

కెవ్వుమన్నాడు. గుమ్మంలో అత్తగారు, చేతిలో టార్చిలైటు.

"అత్తయ్యా… వాచ్‌మన్… క్యారేజీ తెరవమంటున్నాడు… రక్తం కూడా…"

ఆవిడ అల్లుణ్ణీ, ప్రింటరు ముందున్న అన్నాన్నీ మార్చి మార్చి చూసింది. బీరువా మీదికి చెయ్యి చాపి, అక్కడ ఛార్జింగులో ఉన్న టాబ్లెట్టు దించింది.

"ఇదయ్యా నీ వాచ్‌మన్. నాకు కళ్ళు ఆనడం లేదని మీ ఆవిడే దీనికి మాటలు పెట్టించింది. ప్రింటరులో ఏ తేడా వచ్చినా ఇది చదివి వినిపిస్తుంది. క్యారేజీ అంటే అన్నం క్యారేజీ కాదు నాయనా… సిరా డబ్బాల్ని అటూ ఇటూ మోసే బండి. దానికేదో అడ్డం పడింది. అడిగింది రక్తం కాదు, ఎర్ర సిరా."

అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. అది కనపడనివ్వకుండా గొంతు సవరించుకుని, "ముందు కరెంటు తీసేయాలి" అన్నాడు పెద్ద మెకానిక్‌లా. ప్లగ్గు పీకాడు. ప్రింటరు మూత ఎత్తాడు. అత్తగారు టార్చి వేసింది. తొంగి చూశాడు.

లోపల్నుంచి… ఒక కన్ను అతన్నే చూస్తోంది.

"అమ్మోయ్!"

"అరవకు, పిల్ల లేస్తుంది" అంటూ అత్తగారు రెండు వేళ్ళు పెట్టి దాన్ని మెల్లగా లాగింది. చిరిగిన కాగితం ముక్క. అందులో ఒక కన్ను, సగం ముక్కు, ఒక జడ. అతని కూతురి ఫొటోయే.

అదెలా వచ్చిందో ఆలోచించే తీరిక ఎక్కడిది? ముక్క జేబులో కుక్కుకుని, బండి అటూ ఇటూ కదులుతోందో లేదో చూసుకుని, ప్లగ్గు పెట్టి మళ్ళీ పంపాడు. సర్ర్… సర్ర్… కాస్త పాలిపోయిన రంగుల్లో హాల్ టికెట్ బయటికొచ్చింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కూతురి గదిలోకి వెళ్ళాడు. రేపటి సంచీ బల్ల మీద సిద్ధంగా ఉంది. పెన్నులు, నీళ్ళ సీసా, వాటి పక్కన ప్లాస్టిక్ కవరులో… హాల్ టికెట్. నిగనిగలాడుతూ, దుకాణంలో తీయించింది.

జేబులో ముక్క చేతికి తగిలింది. పిల్ల సాయంత్రం ఇంట్లోనే తీయబోయిందన్నమాట. కాగితం ఇరుక్కుంటే లాగి, చింపి, బజారుకెళ్ళింది. నాన్న మర్చిపోతాడని దానికి ముందే తెలుసు. వెనక గదిలో గొంతు విన్నప్పుడు కూడా అతని ఒళ్ళు అంత చల్లబడలేదట.

వంగి, దాని చెవి దగ్గర గుసగుసగా అన్నాడు.

"ఐదింటికి నేను లేపుతాలే తల్లీ."

పిల్ల కళ్ళు తెరవలేదు. అటు తిరిగి పడుకుంటూ, మత్తుగా…

"అలారం పెట్టుకున్నాలే నాన్నా. నువ్వెళ్ళి పడుకో."