చర్చి వెనక గదిలో మీటింగు

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఆ ఆదివారం వాన వదలకుండా పడుతోంది. కొండ మీది నుంచి ఎర్రనీళ్ళు రోడ్డు దిగి వస్తున్నాయి. నీలకంఠం ప్యాంటు మడిచి నడుస్తున్నాడు. అతను తిరగాల్సిన ప్రతి మలుపులోనూ ఓ నల్లగొడుగు ముందే తిరుగుతోంది.

మార్కెట్ దాటాక గొడుగు ఆగింది.

"ఏటండీ, ఇందాకట్నించి నా ఎనకాలే వస్తన్నారు?"

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి. కోపంలో ఇంకా పెద్దవయ్యాయి. నీలకంఠానికి నిజం చెప్పాలనిపించలేదు.

అతను రైల్వేలో కరెంటు తీగల మీద పనిచేసేవాడు. పోయిన నెల నిచ్చెన మీద చేతులు వణికాయి. కింద నుంచి ఇంజనీరు చూశాడు. మందు మానితేనే మళ్ళీ నిచ్చెన ఎక్కనిస్తానన్నాడు. తాగుడు మానినవాళ్ళు ఆదివారం సాయంత్రం చర్చి వెనక గదిలో కూర్చుంటారని, ఇంటివాళ్ళు కూడా రావచ్చని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు.

"చర్చికండి," అన్నాడు నీలకంఠం.

"నుదుట విభూది ఎట్టుకునా?"

అతను నుదురు తడుముకున్నాడు. "మరి మీరు?"

"నేను కుట్టుమిషను నేర్చుకోడానికి."

"ఆదివారమా?"

"మీకెందుకండీ?"

ఇద్దరూ రోడ్డుకి చెరోవైపు నడిచి, చర్చి వెనక గది దగ్గరే మళ్ళీ కలిశారు. తలుపుకి తాళం ఉంది. వాచ్‌మన్ పైడయ్య వరండాలో బీడీ కాలుస్తున్నాడు.

"తాగుబోతుల మీటింగుకేనా ఇద్దరూ? గది కారతందని స్కూలుకి మార్చీసేరు. గొడుగు ఒక్కటే ఉన్నట్టుంది, తడవకండా ఎల్లండి."

ఈ అమ్మాయి తాగుతుందా? నీలకంఠానికి ఏం అర్థం కాలేదు.

"మీకు... అలవాటుందాండీ?"

ఆమె గొడుగు జారవిడిచినంత పని చేసింది. "మా నాన్నకండీ. రిటైరైన రైలు డ్రైవరు. తెలిసినోళ్ళు ఎవరైనా వస్తన్నారేమో ముందు నన్ను చూసి రమ్మన్నాడు. మీరెవరి కోసం?"

"మా నాన్న కోసమే," అనేశాడు. వాళ్ళ నాన్న జన్మలో కల్లు కూడా ముట్టలేదు.

ఆమె కొంచెం జరిగి గొడుగు కింద అతనికి చోటిచ్చింది. పేరు నూకరత్నం. దారంతా తండ్రి తాతబాబు సీసాలు ఎక్కడెక్కడ దాస్తాడో చెప్పింది. నవ్వింది కూడా. "మన నాన్నలిద్దరూ ఫ్రెండ్సయిపోతారేమోనండి," అంది. నీలకంఠానికి ఆ నవ్వు బాగుంది, ఆ మాట గుచ్చుకుంది.

స్కూలు గదిలో అందరూ బెంచీల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరే తమ సంగతి చెబుతున్నారు. "నేను హిడ్మా. గనిలో డంపర్ నడిపేటోణ్ణి. తాగి బండిని లోయ అంచు దాకా తీస్కపోయిన," అన్నాడు ఒకాయన.

నీలకంఠం వంతు వచ్చింది. ఎదురుగా నూకరత్నం, చెప్పండి అన్నట్టు తలూపింది.

"నా పేరు నీలకంఠం. మా నాన్న తాగడండి. తాగేది నేను."

బయటికొచ్చాక ఆమె గొడుగు విప్పింది కాని చోటివ్వలేదు.

"తాగుతారని కాదు నా కోపం. అంత దూరం పక్కన నడిచి, అంతా మీ నాన్న మీదకి నెట్టీసేరు. మా ఇంట్లోనూ ఇదే. సీసా దొరికితే పక్కింటోళ్ళదంటాడు మా నాన్న."

వెళ్ళిపోయింది. అది కోపమో ఏడుపో అతనికి తెలియలేదు.

మరుసటి ఆదివారం స్కూలు మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నూకరత్నం చెయ్యి లాగుతోంది, ఆయన లేవడం లేదు. నీలకంఠం వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"లోపలేటి చేస్తారు?" అడిగాడు తాతబాబు.

"టీ ఇస్తారండి. తర్వాత నిజం చెప్పాలి. పోయినవారం నేను చెప్పాను. మీ అమ్మాయి నన్ను వానలో వదిలేసి వెళ్ళిపోయింది."

తాతబాబు కూతురి వైపు చూసి, తడుముకుంటూ అతని భుజం పట్టుకుని లేచాడు.

వానలు వెళ్ళిపోయాయి. నీలకంఠం మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మీటింగయ్యాక ముగ్గురూ కలిసే నడిచేవారు. తాతబాబు ఎందుకో ముందు ముందు నడిచేవాడు. వెనక ఇద్దరూ దేని గురించో వాదించుకుంటూనే ఉండేవారు.

ఒకరోజు తన వంతు రాగానే తాతబాబు లేచి నిలబడ్డాడు.

"ఈ రోజు మందు సంగతి కాదు. పిల్లని తాగుబోతుకివ్వనని మా ఆవిడ పోయేటపుడు మాటిచ్చాను. ఈ నీలకంఠమే నన్ను లోపలికి తెచ్చేడు. ఈడు అడగలేదు, అది చెప్పలేదు, మొకాలు చూస్తే తెలస్తంది. ఇవ్వాలా, వద్దా? నాకేటీ బోధపడ్డం లేదు."

"ఏంది తాతబాబన్నా, గంత పరేషాను?" అన్నాడు హిడ్మా. "పిల్లని అడిగినవా?"

అందరూ టీ కెటిల్ దగ్గరున్న నూకరత్నం వైపు తిరిగారు.

"భయమేస్తంది నాన్నా. నీతో పడ్డది చాలనిపిస్తంది. మళ్ళీ, ఆదివారం ఎప్పుడొస్తందా అని చూస్తాను. రెండూ నిజమే." ఆమె నీలకంఠం వైపు చూసింది. "ఈ రోజు తాగలేదు కదండీ. ఈ రోజుకి మీరంటే ఇష్టమే. రేపటి సంగతి రేపొచ్చి అడగండి."

అది అవునో కాదో నీలకంఠానికి అర్థం కాలేదు. తాతబాబుకీ కాలేదు.

మర్నాడు డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, నీలకంఠం నూకరత్నం ఇంటికి వెళ్ళాడు. తాతబాబు తలుపు తీశాడు.

"ఏటి?"

"అడగడానికొచ్చానండి."

తాతబాబు అతని కళ్ళలోకి కాసేపు చూశాడు. తర్వాత పక్కకి తప్పుకుని లోపలికి కేకేశాడు.

"రత్నం, వచ్చేడే. రోజూ వచ్చేలాగున్నాడు. బియ్యం ఇంకో గిద్దెడు పొయ్యి."