చప్పుడు లేని బండి

తణుకు పెద్ద బజారు పొద్దుటి రద్దీలో ఉంది. మోటారు సైకిళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి గాని, ఒక్కదానికీ చప్పుడు లేదు. తోటకూర బేరాలు, ఇడ్లీ కొట్లో గిన్నెల మోత, ఎవరో చిన్నపిల్లాణ్ణి కసురుకుంటున్న గొంతు, ఇవన్నీ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి స్పష్టంగా వినిపిస్తున్నాయి. చెరకు ఇంధనంతో నడిచే ప్రతి బండికీ పొగగొట్టం చివర పిడికెడంత పెట్టె ఒకటి ఉంటుంది. దాని పేరు మౌనకం. ఇంజను చేసే ధ్వనికి సరిగ్గా ఎదురు ధ్వని పుట్టించి, రెండింటినీ గాలిలోనే రద్దు చేస్తుంది. అది లేని బండి రోడ్డెక్కకూడదని చట్టం.

ఆ చట్టాన్ని కాపలా కాసేవి చెవికంబాలు. వీధికొకటి ఉంటుంది. మౌనకం చెడిన బండి దగ్గరలోకి రాగానే కంబం ఎర్రబడి, నంబరును శబ్దరక్షణ దళానికి పంపేస్తుంది. పూర్వం ఈ పని కూడలిలో నిలబడ్డ పోలీసులు చేసేవారు. ఏ బండి మోత వాళ్ళ చెవికి ఎంత వినబడుతుందన్నదానికీ, ఆ బండివాడు ఎవరి తాలూకు అన్నదానికీ సంబంధం ఉండేది. చెవికంబానికి మొహమాటం లేదు, పలుకుబడి గల బావమరుదులూ లేరు. పైగా అది మర్యాద తెలిసిన యంత్రం. మనిషి గొంతు వినబడితే నమోదు చేయదు, అక్కడికక్కడే చెరిపేస్తుంది. జనం ఏకాంతానికి భంగం రాకూడదని అలా తయారుచేశారు. దళంలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు ఇన్‌స్పెక్టర్ హైమ ఈ సంగతి గర్వంగా చెప్పేది.

ఆ ఉదయం హైమ ముందు ధనుంజయ్ నిలబడి ఉన్నాడు. జూనియర్ కాలేజీలో లెక్చరరు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. అతని బండి పట్టుబడడం ఇది నాలుగోసారి. ప్రతిసారీ మౌనకానికి చిల్లు పడి ఉంటోంది, ప్రతిసారీ అతను తనకేమీ తెలియదంటున్నాడు.

"నేను ముట్టుకోలేదండి మేడమ్. పిల్లలకి పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఇలా దొంగలా మీ ముందు నిలబడాలంటే ఎంత సిగ్గుగా ఉంటుందో చూడండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హైమకు జాలేసింది. అబద్ధం చెప్పేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది, ఇతను అలాంటివాడు కాదనిపించింది. ఇక ఎవరూ చిల్లు పెట్టలేని శాశ్వత మౌనకాన్ని తెప్పించి, దగ్గరుండి పొగగొట్టంలోపలికి వెల్డింగు చేయించింది. అంతటితో ఊరుకోక, కంబాల పటం తెరిచి చూపించింది. మోత మొదలైంది ప్రతిసారీ అతని ఇంటి గేటు దగ్గరే. అంటే చిల్లు పెడుతున్నవాళ్ళు బయటివాళ్ళు కారు, ఇంట్లోనో పక్కనో ఉన్నవాళ్ళే. సాయంత్రం తానే వచ్చి సంగతి తేలుస్తానని మాటిచ్చింది. ధనుంజయ్ ఆ పటం వంక కాసేపు చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

పని తొందరగా తెమిలింది. హైమ సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే వాళ్ళ వీధికి బయలుదేరింది. దళం బండి గనుక అది మరీ నిశ్శబ్దంగా పోతుంది. గేటు దగ్గర దాన్ని ఆపి, తీసి ఉన్న తలుపు ముందుకు వచ్చి నిలబడింది.

లోపల ఒకావిడ నేలమీద కూర్చుని కత్తిపీట మీద బెండకాయలు తరుగుతోంది. పక్కనే ఎనిమిదేళ్ళ పిల్ల లెక్కలు చేసుకుంటోంది. హైమ నీడ గుమ్మంలో పడింది. అంతే, ఆవిడ తలెత్తి కూడా చూడలేదు. కత్తిపీటను కాలితో దూరంగా తోసేసి, రెండు చేతులతో తల కప్పుకుని గోడకు ఒదిగిపోయింది. పిల్ల చప్పుడు చేయకుండా మంచం కిందికి జారి, తన నోరు తనే మూసుకుంది. ఒకరికొకరు ఒక్క మాట చెప్పుకోలేదు. ఎన్నిసార్లు చేస్తే ఆ పని అంత చకచకా వస్తుందో హైమ ఊహించుకోలేకపోయింది.

తానెవరో చెప్పింది. ఆడగొంతు విన్నాక కూడా ఆవిడ చేతులు వెంటనే కిందికి దిగలేదు. కాసేపటికి లేచి, చీర సర్దుకుని, పిల్లను మంచం కిందనుంచి బయటికి పిలిచి, గేటు వైపు చూసింది.

"మీ బండి కూడా చప్పుడు చెయ్యదా అండీ?" అని అడిగింది.

ఆవిడ పేరు కుసుమ, ధనుంజయ్ భార్య. హైమ అడగవలసిన అవసరమే రాలేదు. మేకుతో చిల్లు పొడిచింది తనేనని ఆవిడే చెప్పింది. మౌనకాలు రాకముందు భర్త బండి వీధి మలుపు తిరగగానే తెలిసిపోయేదట. మామూలుగా వస్తే ఫరవాలేదు. గేరు మార్చకుండా ఇంజనును గట్టిగా అరిపించుకుంటూ వచ్చాడంటే ఆ రోజు బాగాలేదని అర్థం. మలుపునుంచి గేటు దాకా వచ్చే ఆ కాస్త వ్యవధిలో పిల్లను పెరటి దారిన పంపేసేది, పొయ్యి ఆర్పేసేది, చేతికందే వస్తువులన్నీ లోపల పెట్టేసేది. ఒక్కోసారి తానూ గోడ దాటి పోయేది. చట్టం వచ్చి మౌనకం బిగించిన వారానికి, గారెలు వేస్తుంటే ఆయన వెనకనుంచి వచ్చాడు. కుసుమ పైట తొలగించి చెయ్యి చూపించింది. మణికట్టునుంచి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది.

"మీ గేటు ముందే చెవికంబం ఉంది కదా, అది..." అంటూ మొదలుపెట్టి హైమ ఆగిపోయింది. కంబం మనిషి గొంతును చెరిపేస్తుంది. ఎన్నేళ్ళ కేకలను అది మర్యాదగా చెరిపేసిందో! ఆ మర్యాద గురించి తాను పాఠాలు చెప్పినందుకు హైమకు తనమీద అసహ్యం వేసింది.

"పక్కింటి పేర్రాజు గారు మా బండి మోతకి నిద్ర పట్టడం లేదని మీకు మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చారండి. నా అరుపులకి ఎవరూ ఇవ్వలేదు" అంది కుసుమ. గొంతులో కోపం కూడా లేదు. ఒకసారి పోలీసుల దగ్గరకు వెళ్ళిందట. ధనుంజయ్ వచ్చి, వాళ్ళముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని, చక్కగా మాట్లాడాడు. వాళ్ళు ఆమెకు సర్దుకుపొమ్మని చెప్పి, అదే బండి మీద ఎక్కించి పంపించారు.

పొద్దున తన ముందు తిరిగిన ఆ కన్నీళ్ళు హైమకు గుర్తొచ్చాయి. ఇంటిలోపలివాళ్ళే చిల్లు పెడుతున్నారని ఆ మనిషికి పటం తీసి మరీ చూపించింది తనే. ఆ మాట కుసుమకు ఎలా చెప్పాలో తెలియక నోరు తెరిచేలోగా, పిల్ల మళ్ళీ మంచం కిందికి దూరింది.

గుమ్మంలో ధనుంజయ్ ఉన్నాడు. హెల్మెట్టు చేతిలో పట్టుకుని, చెప్పులు విప్పుతున్నాడు. ఇన్‌స్పెక్టరు రాకముందే ఇంటికి చేరాలని కాలేజీనుంచి తొందరగా వచ్చేశాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

"భలే బిగించారండి మేడమ్. గేటులోకి వచ్చినా మావాళ్ళకి తెలీలేదు చూడండి" అన్నాడు నవ్వుతూ. తర్వాత భార్య వైపు తిరగకుండానే అన్నాడు. "మేకుల పని మా ఆవిడదా అండీ? కాస్త తెలివితక్కువ మనిషిలెండి. నేను మాట్లాడుకుంటాను, మీరు బయల్దేరండి."

హైమకున్న అధికారమంతా పొగగొట్టాల మీదే. ఈ మనిషి చేతుల మీద ఆమె ప్రయోగించగల సెక్షను ఒక్కటీ లేదు. పోలీసులకు కబురు పెడితే ఏమవుతుందో ఇప్పుడే విన్నది. వెళ్ళిపోతే ఏమవుతుందో వినక్కర్లేదు.

"కుసుమ గారూ, మౌనకం పాడుచేసిన నేరానికి మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాను. పిల్లను విడిచి రావడానికి రూలు ఒప్పుకోదు, తననీ తీసుకురండి" అంది.

అలాంటి రూలేదీ లేదు, అప్పటికప్పుడు కల్పించింది. ధనుంజయ్ అడ్డుపడ్డాడు. బండి తనది గనుక తాను క్షమిస్తున్నానన్నాడు. పరపతి ఉన్న బంధువుల పేర్లు చెప్పాడు. చివరికి ఆ మెత్తటి గొంతు మొదటిసారి గీరుకుపోయింది. హైమ వినిపించుకోకుండా దళం వ్యానును పిలిచి, అది వచ్చేదాకా కుసుమకూ అతనికీ నడుమ నిలబడింది.

వ్యాను కూడా చప్పుడు లేకుండానే వచ్చింది. ఇరుగుపొరుగు గేట్ల దగ్గరకు చేరారు. పేర్రాజు గారు ఏం నేరమని అడిగితే, బండి మోత కేసని డ్రైవరు చెప్పాడు. ఇన్నాళ్ళకి పట్టించుకున్నారని ఆయన సంతోషించాడు. కుసుమ కాళ్ళకు చెప్పులైనా వేసుకోకుండా పిల్లనెత్తుకుని వ్యానెక్కింది. అరెస్టయిన మనిషి అంత తొందరగా ఎక్కడం హైమ ఎన్నడూ చూడలేదు.

వ్యాను పెద్ద రోడ్డెక్కాక ఎన్నాళ్ళు ఉంచుతారని కుసుమ అడిగింది. భయపడుతోందనుకుని, ధైర్యం చెబుదామని, ఎంతో కాదు, వారమేనంది హైమ.

కుసుమ ముఖం వాడిపోయింది. ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల చెవిమీద చెయ్యి ఉంచి, ముందుకు వంగి, నెమ్మదిగా అడిగింది.

"ఇంకా ఎక్కువ రోజులు వేసే నేరం ఏదైనా ఉందా అండీ? ఉంటే, అది కూడా నేనే చేశానని రాసుకోండి."