మూడుసార్లు చదివే గొంతు

మా వీధి మలుపులో ఉన్న మందుల షాపుకి ఒక రాత్రి కిటికీ ఉంది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాత్రి పన్నెండు దాటిందంటే మాత్రం... కుక్కలు కూడా రోడ్డు దాటి ఎదుటి వైపు నుంచే నడుస్తాయి. నమ్మకపోతే కుక్కల్నే అడగండి.

ఎందుకంటే, ఆ షాపులో ఒక గొంతు వినిపిస్తుంది.

ఆరేళ్ల కిందట పోయిన ముసలి ఫార్మసిస్టు గొంతు అంటారు. ఆయనకో నియమం ఉండేది. ఏ మందైనా మూడుసార్లు పైకి చదవాలి. సొరుగులోంచి తీస్తూ ఒకసారి, డాక్టరు చీటీ పక్కన పెట్టి ఒకసారి, చేతికిస్తూ ఒకసారి. తుమ్ములకైనా అంతే. ఆయన మూడోసారి చదివేలోపు జలుబు తగ్గిపోయి ఊరికే ఇంటికెళ్లినవాళ్లు వందమంది ఉంటారు. కానీ తప్పు బిళ్ళ ఒక్కటి కూడా ఆ కిటికీ దాటలేదు.

పోయాక కూడా ఆయన చదువుతూనే ఉన్నారట. నడిరాత్రి, గోడలోంచి, సన్నగా... "రోజుకి ఒకటి... భోజనం తర్వాత..."

అది విని రాత్రి డ్యూటీ వాళ్లు ముగ్గురు పారిపోయారు. ఒకడు చెప్పులు వదిలేసి మరీ పరిగెత్తాడు. ఆ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. లేచి వెళ్లడానికి వాటిక్కూడా ధైర్యం చాల్లేదు.

నాలుగోసారి ఒక అమ్మాయి వచ్చింది. ఊరికి కొత్త, అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది. పగలంతా నిద్ర, రాత్రంతా షాపు. రోజు మొత్తంలో ఆమె నోటినుంచి వచ్చే మాటలు రెండే — "చీటీ ఉందా?", "నీళ్లతో మింగండి." ఇదంతా ఆమె చెప్పగా విన్నదే. అక్షరం పొల్లు పోకుండా చెబుతున్నాను, నేను చేర్చినవి తప్ప.

ఒక రాత్రి, రెండు గంటలు. ట్యూబులైటు జుయ్‌మంటోంది. కిటికీ మీద... టక్. టక్.

టాక్సీ డ్రైవరు.

"మేడమ్, మా అమ్మకి కళ్లు తిరుగుతున్నాయి. పొద్దుట్నుంచీ వాంతులే. గుక్కెడు నీళ్లు కూడా నిలవట్లేదు," అంటూ చీటీ ఇచ్చాడు.

అమ్మాయి సొరుగు లాగింది. చదవడానికి నోరు తెరిచింది... మూసేసింది.

నేను ఒకసారి పైకి చదివితే, వెనకనుంచి రెండోసారి ఎవరు చదువుతారో అనుకుంది.

అంతే. నోట్లోనే ఏదో గొణుక్కుని బిళ్ళలు కవర్లో వేసి ఇచ్చేసింది. రాత్రి వచ్చినవాళ్ల ఇల్లూ ఫోను నంబరూ రిజిస్టరులో రాసుకోవడం పెద్దాయన నాటి పద్ధతి. అది మాత్రం రాసుకుంది. టాక్సీ వెనక లైటు మలుపు తిరిగి మాయమైంది.

నిశ్శబ్దం.

అప్పుడు... వెనక గదిలో, సింకు దగ్గర్నుంచి —

"షుగరు బిళ్ళ..."

ఆమె చెవులు మూసుకుంది. అయినా వినిపించింది.

"షుగరు బిళ్ళ... భోజనానికి ముందు..."

గబుక్కున నేలమీద నక్కింది. కళ్లకి సరిగ్గా ఎదురుగా, తెరిచి ఉన్న సొరుగు. కళ్లు తిరగడానికి ఇచ్చే బిళ్ళలు, వాటి పక్కనే షుగరు బిళ్ళలు. రెండూ ఒకే వెండి రంగు, ఒకే ఎర్ర గీత, కవల పిల్లల్లా.

మూడోసారి చదివింది ఆ గొంతు. "షుగరు బిళ్ళ."

చూసింది. కళ్లు తిరగడానికిచ్చే బిళ్ళల కట్ట విప్పనేలేదు. షుగరు బిళ్ళల కట్టలో ఒక షీటు లేదు.

షుగరు లేని మనిషి, పొద్దుట్నుంచీ ఖాళీ కడుపు. అది మింగితే తెల్లారేసరికి లేవకపోవచ్చు.

దయ్యం భయం ఎటు పోయిందో! అంతకన్నా పెద్ద భయం వచ్చి దాన్ని మెడబట్టి గెంటేసింది. ఫోను చేసింది. మోగుతోంది... ఎత్తరు. మళ్లీ చేసింది. ఎత్తరు.

"ఎవరు చూశారులే, అనిపించింది ఒక్క క్షణం," అని నాతో చెబుతూ తల దించుకుంది.

ఆ క్షణం దాటగానే షట్టరు దించి, అసలు మందు గుప్పిట్లో పట్టుకుని పరిగెత్తింది. నీళ్ల ట్యాంకు వెనక మూడో ఇల్లు. తలుపు తోసేసరికి మంచం మీద ముసలావిడ. అరచేతిలో బిళ్ళ, రెండో చేతిలో గ్లాసు.

"మింగకండి!"

డ్రైవరు తెల్లబోయాడు. "ఏంటి మేడమ్, దయ్యం గానీ తరిమిందా?"

"తరిమింది," అంది రొప్పుతూ. "తప్పు మందిచ్చాను. డాక్టరు సరిగ్గానే రాశారు. తప్పు నాది."

అతని మొహం ఎర్రబడింది. "మిమ్మల్ని నమ్మి తెచ్చాను... నాకున్నది ఆవిడొక్కతే."

ఆమె గుప్పిట్లోని మందు ముందుకి చాపింది.

ముసలావిడే అంది. "ఊరుకోరా. మందిచ్చి మర్చిపోయేవాళ్లని చూశాను గానీ, పరిగెత్తుకొచ్చి లాక్కునేదాన్ని ఇప్పుడే చూస్తున్నా. కూర్చో తల్లీ. అయ్యో, చెప్పుల్లేకుండా వచ్చావేంటి?"

అమ్మాయి అసలు మందుని మూడుసార్లు పైకి చదివి మింగించింది. షాపుకొచ్చి రిజిస్టరులో రాసింది — "రెండింటికి తప్పు మందిచ్చాను. పైకి చదవలేదు." పొద్దున్న ఓనరు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. ఉద్యోగం మాత్రం తీయలేదు. ఆ రెండు మందుల్నీ చెరో గోడ సొరుగులోకి మార్పించాడు.

అప్పుడామె మేడ మెట్లెక్కి నా దగ్గరికొచ్చింది.

ఇక నా సంగతి చెప్పాలి. పోయిన ఆ పెద్దాయన మా ఆయన. షాపు పైవాటాలో ఉండే ముసల్దాన్ని నేను. ఆరేళ్లుగా జనాన్ని హడలగొడుతున్న ఆ గొంతు... నాదే.

రోజూ పడుకోబోయే ముందు ఆయన నా బిళ్ళలు మూడుసార్లు చదివి, "మింగేశావా?" అని అడిగేవారు. ఆయన పోయాక, ఎవరూ చదవకుండా మింగితే బిళ్ళ గొంతులోనే ఆగిపోయేది. అందుకని నిద్రపట్టక ఏ నడిరాత్రికో వంటింటి సింకు దగ్గర నిలబడి ఆయనలాగే బొంగురుగా నేనే చదువుకుంటాను. ఆ సింకు గొట్టం తిన్నగా కింద షాపులోకి దిగుతుంది. ముగ్గురు పారిపోయారని తెలిశాక గొంతు ఇంకాస్త బొంగురు చేశాననుకోండి, అది వేరే సంగతి.

"బామ్మగారూ, రాత్రి పెద్దాయనే చదివారు. లేకపోతే ఆవిడ..." అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పగలబడి నవ్వాను. "ఓసి పిచ్చిమొద్దూ! పెద్దాయనా లేదు, దయ్యమూ లేదు. నా బిళ్ళలు నేను చదువుకుంటుంటానే!"

ఆమె తెల్లమొహం వేసింది. తర్వాత తనూ నవ్వింది. "అయితే షుగరు బిళ్ళ అని చదివింది మీరేనన్నమాట!"

నా నవ్వు ఆగిపోయింది.

నాకు బీపీ ఉంది. మోకాళ్ల నొప్పులున్నాయి. గ్యాసుంది. వెతికితే నూటయాభై రోగాలున్నాయి. షుగరు మాత్రం లేదు.

"నేనే" అనేస్తే సరిపోయేది. కానీ తన తప్పు తనే ఒప్పుకున్న పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే... "కాదమ్మా" అన్నాను.

ఆమె వెళ్లాక, ఆ రోజు రాత్రి నేను పైకి చదవలేదు. దీపం ఆర్పేసి సింకు గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాను. కింద ఆ పిల్ల ఎవరికో మందిస్తూ గట్టిగా మూడుసార్లు చదివింది. కిటికీ మూసింది. అంతా సద్దుమణిగింది. చాలాసేపటికి...

"బీపీ బిళ్ళ... రోజుకి ఒకటి... పడుకునే ముందు..."

మూడుసార్లు. తర్వాత, నెమ్మదిగా... "మింగేశావా?"

"ఇంకా లేదు," అన్నాను.

అబద్ధం. ఆయన మూడోసారి చదవగానే అది కడుపులో పడింది. కానీ అలా అంటే మొదట్నుంచీ మళ్లీ చదువుతారు మరి.