రాళ్లవాగు మోటారు దొంగ

బోరులో మోటారు లేదు. కాపలా మనిషీ లేడు.

మాచర్ల దాటాక అడవిలో, అటవీశాఖ వాచర్లు ఉండే రాళ్లవాగు బేస్‌క్యాంపు. ఒక రేకుల షెడ్డు. దుప్పులు, కణుజులు, ఎప్పుడైనా పులి కూడా వచ్చి తాగే సిమెంటు తొట్టి. దానికి నీళ్లు తోడాల్సిన సోలార్ బోరు. మే నెల ఎండకు తొట్టి అడుగు బీటలు వారింది.

ఎస్సై సుల్తానా జీపు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు. మోటారు పోయిందని ఫిర్యాదు వచ్చి అది మూడో రోజు. ఫిర్యాదు వచ్చిన రోజు నుంచే వాచర్ ఏలియా జాడ లేదు. స్టేషన్లో అందరూ ఒకటే మాట అన్నారు. జీతాలు సరిగా రాని మనిషి, మోటారు అమ్ముకుని పారిపోయి ఉంటాడు. కానిస్టేబుళ్లు నరసరావుపేట, చిలకలూరిపేట పాతసామాన్ల కొట్లన్నీ గాలిస్తున్నారు.

అడవిని ఎవరూ గాలించలేదు.

షెడ్డు నీడలో ఏలియా భార్య సలోమి కూర్చుని ఉంది. పొద్దున్నే నడిచి వచ్చిందట.

"దొంగ పెళ్లామంటే అనుకోండి మేడం. ముందు మనిషిని ఎతకండి."

"వెళ్లేటప్పుడు ఏం చెప్పాడక్కా?"

"రేపొస్తా అన్నాడు. నేను పొయ్యి కాడ ఉన్నా. తలెత్తలా."

గుమ్మం దాటే మనిషిని ఆ ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే బాగుండేదని తర్వాత ఎంత అనుకున్నా లాభం లేదు.

ఫిర్యాదు ఇచ్చిన సెక్షన్ ఆఫీసర్ జయకర్ బోరు దగ్గర ఉన్నాడు. పక్కన శరత్. పులుల అడవికి కేంద్రం ఇచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో తనిఖీ చేయడానికి వచ్చిన అధికారి. ఒక్క రోజులో వెళ్లాల్సినవాడు. దొంగతనం అనేసరికి ఆగిపోయాడు.

"మోటారు ఎప్పుడు బిగించారు?" సుల్తానా అడిగింది.

"ఏప్రిల్లో మేడం. నిధులు రాగానే."

"ఏలియానే తీశాడంటారా?"

"నేను ఆ మాట అనలా."

"మరెవరు?"

"తెలీదు మేడం."

సుల్తానా అతని ముఖంలోకి చూసింది. ఊరంతా దొంగ అంటోంది. ఫిర్యాదు ఇచ్చినవాడు మాత్రం అనడం లేదు.

తెగిన వైర్లను మూడు రోజులుగా అందరూ చూశారు. ఫొటోలు తీశారు. ఆమె వైర్లను వదిలేసి బోరు గొట్టం మీదికి వంగింది. ఫోన్ టార్చ్ వేసింది.

గొట్టం లోపల, జానెడు కింద, కందిరీగ కట్టిన మట్టిగూడు. పిడికిలంత ఉంది. ఎండి రాయిలా అయింది. దానికి చిన్న చిన్న కంతలు. పిల్లలు ఎగిరిపోయి నెలలు గడిచిన గూడు.

"జయకర్ గారూ, మోటారును ఈ గొట్టంలోంచేగా పైకి లాగాలి?"

"ఇంకెట్టా లాగుతారు మేడం?"

"సందు లేకుండా పట్టే మోటారు, దాని వెనక పైపులు. అవన్నీ పైకొస్తే ఈ గూడు రాలిపోదా?"

జయకర్ గొట్టం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

శరత్ వంగి చూశాడు. మెల్లగా లేచాడు.

"ఈ బోరులో మోటారు దించనే లేదు," అంది సుల్తానా. "మోటారు లేకపోతే దొంగతనం లేదు. ఏలియా పారిపోవాల్సిన పనీ లేదు. మరి మనిషెక్కడ?"

జయకర్ చూపు శరత్ మీద నిలిచింది.

"మీరే ఎక్కడో దాచి ఉంటారు. ఎన్ని నీళ్లు తీసుకెళ్లాడు?" సుల్తానా అడిగింది.

ఆ ప్రశ్నకు జయకర్ కూలబడ్డాడు.

"ఐదు లీటర్ల క్యాను. ఒక్క రోజుకని."

సలోమి లేచి వచ్చింది. కేక వేయలేదు. "మూడు రోజులైందయ్యా," అంది.

"ఆరు నెలలు వాచర్లకి జీతాల్లేవు మేడం. జీతాల పద్దు కింద డబ్బు రాలా, మోటారు పద్దు కింద వచ్చింది. అది వాళ్లకి పంచా. నేనొక్క రూపాయి తినలా. మోటారు చూపిస్తేనే రెండో విడత ఇస్తారు. అది రాకపోతే నలభై మంది ఇళ్లకి పోతారు. అడవి అంటుకుంటే ఆర్పే దిక్కుండదు. అందుకని వైర్లు నేనే కోశా. ఏలియాకి అబద్ధం నోట రాదు. సారు వెళ్లేదాకా కొండ మీద గుహలో ఉండమన్నా."

"ఒక్కసారి వెళ్లి చూడలేదా?"

"పొద్దున్నుంచి రాత్రిదాకా సారు పక్కనే ఉన్నా. ఇయ్యాల వెళ్తారు, ఇయ్యాల వెళ్తారు అనుకున్నా. నీళ్లయిపోతే ఆయనే దిగొస్తాడనుకున్నా."

"మీకు మాటిచ్చాడంటే," అంది సలోమి. "దిగడు."

దొంగతనం కథ తనిఖీని ఆపలేదు. పొడిగించింది. ఆ సంగతి కొండ మీద మనిషికి చెప్పినవారు లేరు.

వాళ్లు శరత్ బండిలోనే బయలుదేరారు. దారి ఆగినచోట దిగి పరిగెత్తారు. రాళ్లు చేతులకు అంటుకునేంత వేడి. జయకర్ ముందు పోతూ పిలుస్తున్నాడు. జవాబు లేదు. రెండుసార్లు పడ్డాడు. సలోమి అతన్ని దాటి వెళ్లిపోయింది.

గుహలో ఏలియా గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. క్యాను బోర్లా పడి ఉంది. సుల్తానా మెడ మీద వేళ్లు పెట్టింది.

"ఉన్నాడు."

సలోమి అతని తల ఒళ్లోకి తీసుకుంది. కొంగు తడిపి పెదాలకు అద్దింది. నీళ్ల బాటిల్ మూతి నోటికి ఆనించింది. అతను పళ్లు బిగించాడు. నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి. కళ్లు సగం తెరుచుకున్నాయి.

"ఆ సారు... పోయారా?"

సలోమి తలెత్తింది. గుహ ద్వారంలో శరత్ నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఆమెనే చూశాడు. తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి నడిచి బండరాయి చాటుకు తప్పుకున్నాడు.

"పోయార్లే. తాగు."

అప్పుడుగానీ ఏలియా నోరు తెరవలేదు.