నెమ్మదిగా నడిచేవారికి గంటా ఇరవై నిమిషాలు

పాల కోసం కిందికి దిగిన అత్తగారు రెండంతస్తుల మెట్లూ ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చింది. చేతిలో పాల ప్యాకెట్ లేదు. పేజీల మధ్య వేలు పెట్టి పట్టుకున్న చిన్న పుస్తకం ఉంది.

వంటింట్లో కోడలు టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి పాల కోసం చూస్తోంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కొడుకు కుర్చీలో కూర్చుని మేజోళ్ళు తొడుక్కుంటున్నాడు.

"చదువు," అని పుస్తకాన్ని బల్ల మీద పడేసింది అత్తగారు. "మొదటి పేజీ. పైకి చదువు, నీ మొగుడు కూడా వింటాడు."

అది కోడలు రాసిన పుస్తకమే. ఆమె నగర కార్యాలయంలో పార్కుల విభాగంలో పనిచేస్తుంది. 'అందరూ నడవగల దారులు' అని, నది ఒడ్డునా ఊళ్ళోనూ పన్నెండు నడకలు ఏరి, ఏ దారిలో ఎన్ని మెట్లున్నాయి, బెంచీలు ఎక్కడ, కుళాయి ఎక్కడ, ఎవరికి ఎంతసేపు పడుతుంది అన్నీ రాసింది. నిన్ననే ఊరంతా పంచారు.

కోడలు చదివింది. "'నెమ్మదిగా నడిచేవారి సమయాలు తెలుసుకోవడానికి డెబ్బై రెండేళ్ళ రిటైర్డ్ పోస్ట్‌వుమన్ ఒకరితో ఈ దారులన్నీ నడిచాం. ఆమెకు మా కృతజ్ఞతలు.'" చదివి, నవ్వుతూ తలెత్తింది. మెచ్చుకుంటారనుకుంది పిచ్చి తల్లి.

"ఈ ఊళ్ళో డెబ్బై రెండేళ్ళ పోస్టమ్మలు ఎంతమందున్నారే?"

"అత్తయ్యా, అది..."

"కింద టైలర్ అడుగుతున్నాడు. 'పోస్టమ్మగారూ, నది ఒడ్డు నడకకి మీకు గంటా ఇరవై నిమిషాలటగా, మరి అప్పట్లో మా ఉత్తరాలు ఏ సంవత్సరానివి ఆ సంవత్సరమే ఎలా అందాయండీ' అని! వాడి కొట్టులో ఉన్నవాళ్ళంతా ఇకిలించారు. వాడి పెళ్ళికి వచ్చిన టెలిగ్రాం వానలో తడుస్తూ తెచ్చిచ్చింది నేను!"

అరికాలి మంట నెత్తికెక్కిందంటే ఎక్కదా మరి? ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. భుజాన సంచీతో రోజుకి పన్నెండు కిలోమీటర్లు నడిచేది. లిఫ్టు లేని ఇళ్ళలో నాలుగో అంతస్తు దాకా ఎక్కి రిజిస్టర్ ఉత్తరానికి సంతకం పెట్టించుకునేది. ఆవిడ గర్వమంతా ఆ రెండు కాళ్ళలోనే ఉంది. దాన్ని పట్టుకెళ్ళి ఊరందరికీ నత్తనడక కింద చూపించింది సొంత కోడలు.

"అమ్మా, తను ఏదో గౌరవంగానే..." అన్నాడు కొడుకు.

"నువ్వు మేజోళ్ళు తొడుక్కో."

అతను తొడుక్కున్నాడు.

"కాలు నెమ్మదంటే పోనీలే అనుకుంటాను," అంది అత్తగారు, ఈసారి గొంతు తగ్గించి. తగ్గిన గొంతే ఎక్కువ భయపెట్టింది. "మూడో నడక తియ్యి. రెండో బెంచీ దగ్గర ఏం రాశావో చూడు."

కోడలికి చూడక్కర్లేదు. 'బెంచీ. నీడ ఉంటుంది. పది నిమిషాలు కూర్చోవచ్చు.' ఆ పది నిమిషాల్లోనే అత్తగారు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పింది. భర్త పోయాడని కబురు అందాక కూడా, సంచీలో మిగిలిన ఉత్తరాలన్నీ పంచేసి, అప్పుడు ఇంటికి వచ్చిందట. కన్న కొడుక్కి కూడా ఆ సంగతి తెలీదు.

"నేను కడుపులోది కక్కుకుంటుంటే నువ్వు గడియారం చూసుకున్నావు. రోజూ నాతో కబుర్లకి వస్తున్నావనుకున్నాను. చూశావా నా తెలివి! నేను నీతో నడిచాను, నువ్వు నన్ను కొలిచావు."

కోడలికీ రోషం పొడుచుకొచ్చింది. పొయ్యి ఠపీమని కట్టేసింది. "కొలిస్తే కొలిచానండీ, అది నా ఉద్యోగం! గర్భసంచి తీయించుకున్నాక మూడు నెలలు పడుకోమన్నాడు డాక్టరు. నెలన్నరకే పనిలో చేరాను. సాయంత్రం ఇంటికొచ్చి వాలిపోదామనిపించినా, మీకు తోడు ఉండదని మిమ్మల్ని తీసుకెళ్ళాను. రెండు వందల అడుగులకోసారి 'అమ్మాయ్, మోకాలు లాగుతోంది, కూర్చుందాం' అన్నారు. నేనెప్పుడైనా విసుక్కున్నానా? మీరు అన్నిసార్లు కూర్చుంటే గంటా ఇరవై కాక ఎంతవుతుంది?"

అత్తగారు ఏదో అనబోయి ఆగింది. కోడలి మొహం వైపు ఒక్క క్షణం వింతగా చూసింది. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి బూట్లు వేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కొడుకు.

"మూడో నడకకి. నీ పెళ్ళాన్ని గడియారం తెచ్చుకోమను."

నది ఒడ్డున పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. పాత వంతెన నుంచి పడవల రేవు దాకా రెండున్నర కిలోమీటర్లు. దారంతా చదును, మధ్యలో ఇరవై నాలుగు మెట్లు. చిన్నపిల్లలూ నడవగల దారి అని కోడలే రాసింది. అత్తగారు వంతెన దగ్గర చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, "చూసుకో," అని బయల్దేరింది.

బయల్దేరిందంటే వెనక్కి చూడలేదు. కోడలు కోపంలో మొదటి బెంచీ దాకా పక్కనే నడిచింది. ఆ తర్వాత రెండడుగులు వెనకబడింది, తర్వాత ఇరవై. మెట్లు ఎక్కేసరికి కళ్ళ ముందు నల్లటి చుక్కలు. పొత్తికడుపులో ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది. అత్తగారి చీర చెట్ల అవతల మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. కోడలు రెండో బెంచీ మీద కూలబడి, చేత్తో పొట్ట అదిమి పట్టుకుంది.

అలా కూర్చున్నాక గానీ ఆమెకి తట్టలేదు. ఈ బెంచీ మీద ఇదే చోట, ఇలాగే పొట్ట పట్టుకుని కూర్చునేది తను. పక్కన అత్తగారు మోకాలు రుద్దుకుంటూ ఉండేది. ఏ మోకాలో కూడా సరిగ్గా చూడలేదు. ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది.

అత్తగారు రేవు దాకా వెళ్ళి తిరిగి వచ్చేసింది. నుదుటి మీద చెమట ఉంది కానీ ఊపిరి మామూలుగానే ఉంది. "గంటా ఇరవై అని రాశావే, రేవు దాకా పోవడానికి ముప్ఫై నాలుగు నిమిషాలు. రేవులో గడియారం ఉంది, చూశాను. రాసుకో."

"మీకు మోకాలు నొప్పి లేదు కదూ?"

"నా మోకాలికేం రోగం!"

"మరి ఎందుకన్నారండీ?"

"నువ్వు అనవు కాబట్టి!" అత్తగారు కసిరింది. "తెల్లకాగితంలా పాలిపోయి, నీకెలా ఉందే అంటే 'నాకేం అత్తయ్యా' అనేదానివి. కూర్చోవే అంటే కూర్చోవు. మోకాలని అబద్ధమాడితే కూర్చున్నావు. పన్నెండు నడకలూ అలాగే నడిపించాను నిన్ను. చివరికి నా పేరున అచ్చేశావు!"

ఆ గంటా ఇరవై నిమిషాలూ ఎవరివో కోడలికి అర్థమైంది. చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చింది. నడుస్తూ పోతున్న ఒక పెద్దాయన ఆగి చూస్తే, "ఏం లేదు, మీరు పదండి," అని పంపించేసింది అత్తగారు. పక్కన మాత్రం కూర్చోలేదు. కోపం ఇంకా దిగలేదు.

"కొలవడానికే మొదలుపెట్టాను, నిజమే," అంది కోడలు ఏడుపు మధ్య. "కానీ పన్నెండు నడకలు నెలలో అయిపోయాయండీ. ఆ తర్వాత నెలన్నర నుంచి మనం రోజూ వస్తూనే ఉన్నాం. అప్పుడేం రాసుకున్నానని? ఏం రాసుకోలేదు. మామయ్య సంగతి ఎక్కడా ఎవరికీ చెప్పలేదు. మీ అబ్బాయికి కూడా."

అత్తగారు నది వైపు తిరిగి నిలబడింది.

"ఇవాళే ఆఫీసులో చెప్పి మార్పిస్తాను. నెమ్మది మనిషి మీరు కాదు, నేనని వేయిస్తాను," అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం అక్కర్లేదు."

"అదేంటి అత్తయ్యా, టైలర్ అలా నవ్వాడని..."

"ఎందుకు, ఏమిటి, ఏం రోగం, ఏం ఆపరేషన్ అని ఊరంతా నీ కడుపు గురించి ఆరా తీయాలా? నా పేరునే ఉండనీ. నా కాళ్ళ సంగతి ఈ ఊరికి తెలీకపోతే అది ఊరి ఖర్మ. టైలర్ సంగతి నేను చూసుకుంటాను." మళ్ళీ గొంతు పెరిగింది. "కానీ ఇంకోసారి నన్నడక్కుండా నా గురించి ఒక్క అక్షరం రాశావో, చూడు!"

కోడలు తలూపింది. లేచి నిలబడి, అలవాటు కొద్దీ, "పదండి అత్తయ్యా, నాకేం లేదు," అంది. పది అడుగులు వేసింది. పదకొండో అడుగు దగ్గర ఆగి అత్తగారి మోచెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, నొప్పిగా ఉందండీ నాకు. చాలా నొప్పిగా ఉంది. నడవలేను."

"ఏడిశావ్. ఈ ముక్క అనడానికి ఇన్నాళ్ళా?" అంది అత్తగారు. కోడల్ని పొదివి పట్టుకుని వెనక్కి బెంచీ దగ్గరికి నడిపించి, తనే ముందు కూర్చుని, కోడలి తల ఒళ్ళోకి లాక్కుంది.