దీపకు ఇన్సులిన్ ఇవ్వకండి

రెండేళ్లుగా తనకు నొప్పుల స్ప్రే, అమ్మకు బీపీ గోలీలు తప్ప ఏమీ కొనని దీప, ఆ రోజు కొత్త మందు అడిగింది.

“ఇన్సులిన్ కావాలె.”

మిర్యాలగూడలో మెడికల్ షాపు నడిపే నాగేష్ గుండె గుభేల్‌మంది. దీపది త్రిపురారం. కబడ్డీ ఆడుతుంది. ఆమె షాపు మెట్లెక్కితే చాలు, ఏ మందు ఏ అరలో ఉందో అతనికి గుర్తుండదు.

“ఎవరికి?”

“మా అమ్మకు.”

“మీ అమ్మకు షుగరెక్కడిది? బీపీ గోలీలు నెల నెలా నేనే ఇస్తున్న గద!”

దొరికిపోయిన దీప మూతి ముడిచింది. “నాకే. వచ్చే నెల సెలక్షన్స్ ఉన్నయ్. సూది ఏస్కుంటే కండ పెరుగుతదని జిమ్ముల అన్నరు.”

“నేనియ్య.”

“ఊళ్లె నీదొక్కటే షాపా?” అని ఆమె విసవిసా వెళ్లిపోయింది.

ఆ పూట నాగేష్‌కు అన్నం సహించలేదు. ఇంకోచోట కొనుక్కుంటే? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మెడికల్ షాపుల వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపుంది. మందు అయిపోతే అందులోనే అడుక్కుంటారు. పరువు సంగతి తర్వాత చూసుకుందామని, అతను అందులో నాలుగు ముక్కలు రాశాడు.

మర్నాడు సాయంత్రం చినుకుల్లో తడుస్తూ దీప ఊడిపడింది.

“కోదాడ దాక పోయిన. ఒక్కరూ ఇయ్యలే! నీకేం పోయింది నాగేష్?”

“నువ్వే పోతవని భయం. జర ఇను. మంచిగున్న మనిషికి, తిన్న అన్నానికే ఒంట్ల కావాల్సినంత ఇన్సులిన్ ఊరుతది. అది ఉన్న కండను కరగనియ్యదు. కొత్త కండ కావాల్నంటే గుడ్లు, పప్పు తినాలె, కసరత్తు చెయ్యాలె. పైనుంచి సూది పొడుస్కుంటే షుగర్ పడిపోయి పానం మీదికొస్తది.”

దీప బల్ల మీద కూలబడింది. ఇప్పుడు ఆమెకు భయం వేసింది. “నిన్ననే చెప్పొచ్చు గద?”

“చెప్పనిస్తివా?”

“సరే, సూది ముచ్చట ఖతం.” ఆమె నవ్వు ఆపుకుంది. “గని కోదాడ షాపాయన నా పేరు, ఊరు అడిగి ఏమన్నడో తెల్సా? ‘నువ్వు మా నాగేష్‌కి కావాల్సిన అమ్మాయివంట కదమ్మా, ఇవ్వలేను’ అన్నడు. ఫోన్ గూడ సూపెట్టిండు.”

నాగేష్ చెవులు ఎర్రబడ్డాయి. అతను రాసింది అదే. ‘త్రిపురారం దీపకు ఇన్సులిన్ ఇవ్వకండి. షుగర్ లేదు. నాకు కావాల్సిన మనిషి.’ దాని కింద ఇరవై మంది, పెండ్లెప్పుడని అడిగారు.

“అరవై షాపులోళ్లకు చెప్పినవ్,” అంది దీప మెల్లగా. “నాకెప్పుడు చెప్తవ్?”

నాగేష్ కౌంటరు దాటి ఇవతలికి వచ్చాడు.

“నువ్వంటే నాకు పానం, దీపా.”

బయట వాన పెద్దదైంది. దీప వెళ్లడానికి లేవలేదు.

“ఇగ మా అమ్మతోని నువ్వే మాట్లాడు,” అంది.